కుళాయికి డబ్బు ఎవరిచ్చారు? నీళ్లకు ఎవరివ్వాలి?

(పట్టణ తాగునీరు, మురుగునీటి పథకాల లబ్ధిదారుల కోసం వార్డు అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. ఫోన్‌లో చదువుకోవడానికి, ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించడానికి వీలుగా మాట్లాడినట్టే ఉంచాం.)

వెనకాల నిలబడ్డ అన్నలు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. డ్వాక్రా అక్కలు పొద్దున్నే పనులు పక్కన పెట్టి వచ్చారు. మిమ్మల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టను.

నేను దాదాపు ముప్పై ఏళ్లు మున్సిపల్ నీటి సరఫరా విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. మొదట్లో వాల్వులు తిప్పాను, తర్వాత పైపులైను పనులు చూశాను, ఆఖరి ఆరేడేళ్లు కుళాయి ఖాతాల రిజిస్టరు రాశాను. ఆ రిజిస్టరు రాసేటప్పుడు నాకు తెలిసిన సంగతులే ఈరోజు చెప్తాను.

మీ వీధుల్లో పైపులు వేస్తున్నారు. కొందరికి కుళాయి వచ్చింది, కొందరికి వస్తుంది. కొన్ని వార్డుల్లో మురుగునీటి లైను కూడా పడుతుంది. ఎక్కడికి వెళ్లినా నన్ను అడిగేది ఒకటే మాట: "ఇది ప్రభుత్వ పథకం కదండీ, డబ్బు పైనుంచి వచ్చింది కదా, మళ్లీ మేమెందుకు కట్టాలి?" న్యాయమైన ప్రశ్నే. దీనికి ఆఫీసుల్లో సరైన జవాబు చెప్పరు. "రూల్ అలా ఉందమ్మా" అని పంపించేస్తారు. నేను లెక్కతో చెప్తాను.

పైనుంచి వచ్చే డబ్బు రెండు రకాలు. ఒకటి గ్రాంటు, రెండోది అప్పు. గ్రాంటు తిరిగి కట్టక్కర్లేదు. అప్పు కట్టాలి, వడ్డీతో కట్టాలి. రెండూ ఒకే ట్రెంచిలో పడతాయి. పైపు మీద ఇది గ్రాంటు పైపు, ఇది అప్పు పైపు అని రాసి ఉండదు. అందుకే మనకు తేడా తెలియదు.

ముందు గ్రాంటు సంగతి

పట్టణాల తాగునీటికి ఇప్పుడు కేంద్రం నుంచి వచ్చే పెద్ద పథకం అమృత్. మొదటి అమృత్ 2015 జూన్‌లో మొదలైంది. అది దేశం మొత్తం మీద 500 నగరాలకే. లక్ష దాటిన ఊళ్లే దాదాపు అన్నీ. చిన్న మున్సిపాలిటీలు బయట ఉండిపోయాయి. 2021 అక్టోబరు 1న అమృత్ 2.0 వచ్చాక తాగునీటి వరకు చిన్నా పెద్దా పట్టణాలన్నింటినీ కలిపారు. దీని మొత్తం అంచనా 2 లక్షల 99 వేల కోట్లు. ఇక్కడ కొంచెం ఆగి వినండి. అందులో కేంద్రం వాటా 76,760 కోట్లు మాత్రమే. అంటే నాలుగో వంతు. మిగతాది రాష్ట్రాలు, మున్సిపాలిటీలు, వేరే దారుల నుంచి వచ్చే డబ్బు. గోడల మీద మొత్తం అంకె రాస్తారు, మనం అంతా ఢిల్లీ నుంచే వచ్చిందనుకుంటాం.

కేంద్రం వాటా ఊరి జనాభాను బట్టి ఉంటుంది. లక్షలోపు జనాభా ఉన్న ఊరైతే పథకం ఖర్చులో సగం. లక్ష నుంచి పది లక్షల మధ్య ఉంటే మూడో వంతు. పది లక్షలు దాటితే నాలుగో వంతు. మిగిలింది రాష్ట్రం, మున్సిపాలిటీ కలిసి పెట్టుకోవాలి.

లెక్క వేద్దాం. 70 వేల జనాభా ఉన్న ఊరు, 12 కోట్ల పని అనుకోండి. కేంద్రం 6 కోట్లు ఇస్తుంది. ఆ 6 కోట్లూ ఒకేసారి రావు. మొదట 20 శాతం, తర్వాత 40, ఆఖరున 40. అంటే మొదటి విడతలో కేంద్రం నుంచి వచ్చేది కోటీ 20 లక్షలు. అది ఖర్చయిందని, రాష్ట్రం తన వాటా కూడా వేసిందని కాగితం పంపితేనే రెండో విడత. ఆ కాగితాన్ని ఆఫీసు భాషలో యూసీ అంటారు, వినియోగ ధృవపత్రం. ఆ యూసీ ఎక్కడైనా ఆగితే డబ్బు ఆగుతుంది. డబ్బు ఆగితే కాంట్రాక్టరు మనుషుల్ని తీసుకుని వేరే ఊరు పోతాడు. మీ వీధిలో గొయ్యి తవ్వి మూడు నెలలు అలాగే వదిలేశారంటే ప్రతిసారీ కాంట్రాక్టరు దొంగ అని కాదు. కొన్నిసార్లు అవుననుకోండి. కానీ చాలాసార్లు విడత రాలేదు, లేదా రాష్ట్రం వాటా పడలేదు. మీరు అడగాల్సిన ప్రశ్న "ఎప్పుడు పూడుస్తారు?" ఒక్కటే కాదు. "ఏ విడత మీద ఆగింది? ఎవరి వాటా రావాలి?" అని అడగండి. ఆ ప్రశ్న అడిగిన మనిషితో ఇంజనీరుగారు మాట్లాడే తీరు మారిపోతుంది. నేను కళ్లారా చూశాను.

ఇంకో సంగతి. అమృత్ డబ్బుతో స్థలం కొనకూడదు, జీతాలు ఇవ్వకూడదు. నీటి ట్యాంకు కట్టాలన్నా, మురుగునీటి శుద్ధి ప్లాంటు కట్టాలన్నా స్థలం మున్సిపాలిటీయే చూపించాలి. స్థలం దగ్గరే చాలా ఊళ్లలో పని ఆగుతుంది. ప్లాంటు కావాలి గానీ మా వార్డులో వద్దు అని అందరం అంటాం. నేనూ ఒకప్పుడు మా వీధి వాళ్లతో కలిసి సంతకం పెట్టినవాడినే, దాచడం ఎందుకు.

అమృత్ కాకుండా ఆర్థిక సంఘం గ్రాంటు ఉంది. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు పట్టణ స్థానిక సంస్థలకు లక్షా 21 వేల కోట్ల పైచిలుకు సిఫారసు చేసింది. పది లక్షల లోపు ఊళ్లకు వచ్చిన ఈ గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యం పనులకే వాడాలని షరతు. ఇంకా రెండు షరతులున్నాయి, అవి మనకు ముఖ్యం. మున్సిపాలిటీ తన లెక్కలను ఆడిట్ చేయించి అందరూ చూసేలా ఆన్‌లైన్‌లో పెట్టాలి. ఇంటి పన్నుకు కనీస రేటు ప్రకటించి, వసూలును ఏటా పెంచుకుంటూ పోవాలి. ఇవి చేయకపోతే గ్రాంటు రాదు. అంటే మన ఊళ్లో ఇంటి పన్ను లెక్క సరిగా లేకపోతే మన కుళాయికి రావాల్సిన డబ్బు ఢిల్లీలోనే ఆగిపోతుంది. పన్ను వేరు, నీళ్లు వేరు అనుకుంటాం. అవి రెండూ ఒకే తాడుకు కట్టి ఉన్నాయి.

అప్పు ఎవరు తెచ్చారు, ఎవరు కట్టాలి

మనోళ్లు ఏ పెద్ద పని చూసినా "ప్రపంచ బ్యాంకు వాళ్లు ఇచ్చారంట" అంటారు. ఇచ్చారు అనే మాట దగ్గరే తప్పు. బ్యాంకు ఏదైనా బ్యాంకే. ఇచ్చింది తిరిగి తీసుకుంటుంది.

మన ఆంధ్రప్రదేశ్ సంగతే చెప్తాను. లక్షలోపు జనాభా ఉన్న 50 మున్సిపాలిటీల్లో తాగునీరు, సెప్టిక్ ట్యాంకుల మురుగు శుద్ధి కోసం ఏషియన్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు దగ్గర రాష్ట్రం అప్పు తెచ్చుకుంది. ఆ బ్యాంకు ప్రధాన కార్యాలయం బీజింగ్‌లో ఉంది, మన దేశం కూడా అందులో వాటాదారు. 2018 డిసెంబరులో ఒప్పుకున్న ఆ అప్పు 40 కోట్ల డాలర్లు. మొత్తం పథకం సుమారు 57 కోట్ల డాలర్లు. తేడా రాష్ట్రం పెట్టుకోవాల్సిన వాటా. మీలో కొందరి ఊళ్లు, మీ చుట్టాల ఊళ్లు ఆ 50లో ఉండే ఉంటాయి.

ఇలాంటి విదేశీ అప్పులో రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. అప్పు కేంద్రం ద్వారా వస్తుంది గానీ, కట్టాల్సింది రాష్ట్రమే, అదీ డాలరు లెక్కన. 2018 చివర్లో డాలరు సుమారు 70 రూపాయలు. తర్వాత అది 85 దాటింది. 70 ఉన్నప్పుడు తెచ్చిన ప్రతి డాలరుకు 85 కట్టాలి, పైగా వడ్డీ. రెండోది, మంజూరైన డబ్బు సకాలంలో వాడుకోకపోయినా ఖర్చే. వాడని మొత్తం మీద కూడా ఇలాంటి బ్యాంకులు కొద్దిపాటి రుసుము తీసుకుంటాయి. దాన్ని కమిట్‌మెంట్ ఛార్జీ అంటారు. మనం పని ఆలస్యమైతే ఏముందిలే అనుకుంటాం. ఆలస్యానికి మీటరు తిరుగుతూనే ఉంటుంది.

దేశంలోపలి అప్పులూ ఉన్నాయి. హడ్కో ఇస్తుంది. 2023లో కేంద్రం చిన్న, మధ్య తరహా పట్టణాల కోసం నేషనల్ హౌసింగ్ బ్యాంకు దగ్గర ఒక నిధి పెట్టింది, ఏడాదికి 10 వేల కోట్లు లక్ష్యంగా. నిధి అన్నారు గానీ అదీ అప్పే, వడ్డీ మాత్రం తక్కువ. పెద్ద నగరాలైతే బాండ్లు అమ్మి జనం దగ్గర, కంపెనీల దగ్గర డబ్బు తెస్తాయి. 2018లో హైదరాబాద్ కార్పొరేషన్ 200 కోట్లు, విశాఖ కార్పొరేషన్ 80 కోట్లు అలా తెచ్చాయి. చిన్న మున్సిపాలిటీని నమ్మి ఎవరు బాండు కొంటారు? లెక్కలు చక్కగా ఉండాలి, వసూళ్లు ఉండాలి. మనకు ఆ దారి ఇంకా దూరం.

రాష్ట్ర ప్రభుత్వ అనుమతి లేకుండా మున్సిపాలిటీ సొంతంగా అప్పు తేలేదు. అదొక రక్షణ. కానీ తెచ్చాక ఏమవుతుందో ఒక లెక్క చూపిస్తాను. ఇది ఊహించిన లెక్కే, మీ ఊరిది కాదు. మున్సిపాలిటీ 5 కోట్లు తెచ్చింది. 8 శాతం వడ్డీ, 15 ఏళ్ల గడువు. ఏటా కట్టాల్సింది సుమారు 58 లక్షల 40 వేలు. 15 ఏళ్లలో మొత్తం కట్టేది 8 కోట్ల 76 లక్షలు. ఊళ్లో 15 వేల కుళాయిలుంటే ఇంటికి ఏడాదికి 390 రూపాయలు, నెలకు 32, 33 రూపాయలు. భయపడేంత కాదు. కానీ సగం ఇళ్లు కట్టకపోతే? కట్టే సగం మీద 65 పడుతుంది. లేదంటే వీధి దీపాల డబ్బు, రోడ్ల డబ్బు అటు మళ్లుతుంది. రోజూ చీపురు పట్టే పారిశుద్ధ్య కార్మికుల జీతం ఆలస్యమవుతుంది. నేను పనిచేసినంతకాలం ముందు ఆగింది వాళ్ల జీతమే, ఆఫీసర్లది కాదు.

గ్రాంటు గానీ అప్పు గానీ చెయ్యని పని

ఇక అసలు విషయానికి వస్తున్నాను. గ్రాంటుతో పైపు పడుతుంది, ట్యాంకు లేస్తుంది, మోటారు కూర్చుంటుంది. అప్పుతోనూ అంతే. కానీ ఆ మోటారు రేపు పొద్దున స్విచ్ వేస్తే తిరగడానికి కరెంటు బిల్లు ఎవరు కడతారు? పటిక, క్లోరిన్ ఎవరు కొంటారు? జాయింటు పగిలితే రాత్రి పూట వచ్చే ఫిట్టరుకు ఎవరిస్తారు? ఈ నిర్వహణ ఖర్చు నీళ్లు వాడుకునేవాళ్ల ఛార్జీల నుంచే రావాలన్నది ఈ పథకాల లెక్క.

ఒక 50 హెచ్‌పీ మోటారు గంటకు సుమారు 37 యూనిట్లు తాగుతుంది. రోజుకు 10 గంటలు నడిస్తే నెలకు 11 వేల యూనిట్లు దాటుతుంది. యూనిట్ 7 రూపాయలనుకున్నా ఒక్క మోటారుకే నెలకు దాదాపు 78 వేలు. ఒక ఊరికి ఇలాంటివి ఎన్నుంటాయో మీకు తెలుసు.

నేను పనిచేసిన ఒక ఊరి సంగతి చెప్తాను, పేరు వద్దు. గ్రాంటుతో బ్రహ్మాండంగా పథకం కట్టారు. ప్రారంభోత్సవానికి పూలదండలు, శిలాఫలకం, అన్నీ. మూడో ఏడు ఎండాకాలంలో మోటారు కాలిపోయింది. రీవైండింగుకు ఇవ్వడానికి నీటి ఖాతాలో డబ్బు లేదు. ఎందుకు లేదో ఆ రిజిస్టరు నా చేతిలోనే ఉంది కాబట్టి నాకు తెలుసు. సగం మంది కూడా కట్టేవాళ్లు కాదు. పేదవాళ్లు కట్టలేదనుకునేరు. గుడిసెల వాళ్లు పది, ఇరవై చొప్పున తెచ్చి కట్టేవాళ్లు. పెద్ద బకాయిలన్నీ రెండంతస్తుల మేడలవి, కల్యాణ మండపాలవి, సాటి ప్రభుత్వ ఆఫీసులవి. ఆ మూడు వారాలు ట్యాంకరు నీళ్లు కొనుక్కుంది మాత్రం గుడిసెల వాళ్లే. మేడల్లో బోర్లున్నాయి.

అందుకే బిల్లు కట్టండి అని ఊరికే చెప్పి వెళ్లిపోను. కడుతూ అడగండి. మీ వార్డులో పెద్ద బకాయిదారులు ఎవరు? కరెంటు బిల్లు ఎంత? నీటి ఛార్జీల కింద వచ్చింది ఎంత? సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో అడగొచ్చు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఆ 10 కూడా లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

మున్సిపాలిటీకి బిల్లు అడిగే ముఖం ఉండాలంటే నీళ్లు రావాలి. వారానికి రెండు రోజులు, తెల్లారి మూడింటికి అరగంట వదిలి పూర్తి బిల్లు అడిగితే ఎవరు కడతారు? ఆ మాట వార్డు సభలో గట్టిగా చెప్పండి. దానికి మీరు సిగ్గుపడక్కర్లేదు. మరోవైపు, తాగడానికి క్యాను కొనుక్కుంటున్నారు కదా. క్యాను 20 రూపాయలనుకుని, రోజు విడిచి రోజు ఒకటి తెచ్చినా నెలకు 300. ఆ డబ్బుకు రసీదు లేదు, ఆ నీటికి పరీక్ష చేశారో లేదో మనకు తెలియదు. ఒడిశాలో పూరీ పట్టణంలో 2021 నుంచి ఇరవై నాలుగు గంటలూ కుళాయి నీళ్లు నేరుగా తాగేలా ఇస్తున్నారు. అక్కడ మహిళా సంఘాల వాళ్లే ఇంటింటికీ తిరిగి నీళ్లు పరీక్షిస్తారు, బిల్లులు వసూలు చేస్తారు, అందులో వాళ్లకు కొంత దక్కుతుంది. అమృత్ 2.0లో కూడా అమృత్ మిత్ర పేరుతో సంఘాల మహిళలకు ఇలాంటి పనులిచ్చే వీలుంది. మెప్మా అక్కలు ఇక్కడే ఉన్నారు, మన ఊళ్లో ఎంతవరకు వచ్చిందో వాళ్లను అడగండి.

వాడిన నీళ్లు ఎటు పోతున్నాయి

నీళ్లు రావడం గురించి అందరూ మాట్లాడతారు, పోవడం గురించి ఎవరూ మాట్లాడరు. మురుగునీటి లైను ఉన్న పట్టణానికి మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది కేంద్ర ప్రమాణం. నలుగురున్న ఇంటికి 540 లీటర్లు. అందులో సుమారు 80 శాతం మళ్లీ బయటికే వస్తుంది: స్నానం, బట్టలు, గిన్నెలు, మరుగుదొడ్డి. ఇంటికి 430 లీటర్ల పైన. 15 వేల ఇళ్లకు లెక్కేస్తే రోజుకు 65 లక్షల లీటర్లు. కుళాయి వేసి డ్రైనేజీ వెయ్యకపోతే ఆ 65 లక్షల లీటర్లు మన కాలవలోకి, మన చెరువులోకే కదా పోయేది. తర్వాత ఆ చెరువు నీళ్లే పైపులోకి ఎక్కుతాయి.

ఇక్కడ నిధుల్లో ఒక మెలిక ఉంది. అమృత్ 2.0లో తాగునీరు అన్ని పట్టణాలకూ అన్నారు గానీ, మురుగునీటి పని మాత్రం పాత 500 అమృత్ నగరాలకే. లక్షలోపు ఊళ్ల వాడిన నీటి పనిని స్వచ్ఛ భారత్ మిషన్ పట్టణ 2.0 కింద పెట్టారు. కాబట్టి మీ ఊరు చిన్నదైతే, కుళాయి డబ్బు ఒక పథకం నుంచి, మురుగు డబ్బు ఇంకో పథకం నుంచి రావచ్చు. ఒకటి ముందు వస్తుంది, రెండోది వెనక పడుతుంది. ఇంజనీరుగారిని అడిగేటప్పుడు రెండూ విడివిడిగా అడగండి. లేకపోతే "పని జరుగుతోందమ్మా" అనే ఒక్క మాటతో రెండింటికీ జవాబు చెప్పేస్తారు.

చిన్న ఊళ్లలో ఇంటింటికీ మురుగు పైపు వెయ్యడం ఖర్చు ఎక్కువ. అక్కడ సెప్టిక్ ట్యాంకులే దారి, ఆ మడ్డిని శుద్ధి చేసే చిన్న ప్లాంటు కావాలి. వరంగల్ నగరం 2016లోనే దీనికి నియమాలు పెట్టుకుని, తర్వాత ప్లాంటు కట్టుకుంది. మీ సెప్టిక్ ట్యాంకును రెండు మూడేళ్లకోసారి తీయించాలి. నిండి పొంగేదాకా ఆగకూడదు. మున్సిపాలిటీలో నమోదైన బండినే పిలవండి. బండివాడు ఆ మడ్డిని ఎక్కడ పోస్తాడో అడగండి. తక్కువకు చేస్తానన్న ప్రైవేటు బండి ఊరి బయట కాలవలో వంచేసి పోతే, తక్కువైన ఆ రెండు వందలు మన పిల్లల విరేచనాల మందులకు పోతాయి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. ట్యాంకులోకి మనిషిని దింపొద్దు. డబ్బులిచ్చినా, అతనే దిగుతానన్నా దింపొద్దు. మూత తీసి గంటసేపు గాలికి వదిలాం కదా అని కూడా వద్దు. కిందున్న గ్యాసు వాసన తెలియకుండానే మనిషిని పడేస్తుంది. అతన్ని పట్టుకోడానికి దిగిన రెండోవాడూ పైకి రాడు. రక్షణ లేకుండా దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. దింపించిన ఇంటివాళ్ల మీద కూడా కేసు వస్తుంది. యంత్రం కోసం 14420కి ఫోను చెయ్యొచ్చు, లేదా వార్డు సచివాలయంలో చెప్పండి. నా సర్వీసులో ఒకసారి ఇలాంటి ఇంటి ముందు నిలబడ్డాను. దాని గురించి ఇంతకంటే చెప్పలేను.

మురుగునీటి లైను వేసిన వార్డుల్లో ఇంకో సమస్య. మెయిన్ లైను పడింది, ఇళ్లు కలుపుకోలేదు. గచ్చు పగలగొట్టాలని, ఖర్చని ఆగిపోతారు. ప్లాంటు రోజుకు ఇన్ని లక్షల లీటర్లకని కడతారు, అందులో నాలుగో వంతు నీళ్లు కూడా రావు. కరెంటు, సిబ్బంది ఖర్చు మాత్రం తగ్గదు. అప్పుతో కట్టిన ప్లాంటైతే వాయిదా కూడా ఆగదు. కాబట్టి మీ వీధిలో లైను పడుతున్నప్పుడే ఇంటి కనెక్షన్ పథకంలో ఉందా, మన మీద పడుతుందా అని అడిగి, కాంట్రాక్టరు మనుషులు అక్కడ ఉండగానే కలిపించుకోండి. తర్వాత విడిగా చేయిస్తే ఖర్చు మీదే.

ఇక మీ ఇంటి గడప దగ్గర పని

కుళాయికి ఎంత కట్టాలో చెప్పే అధికారం ప్లంబరుకు లేదు. పేద కుటుంబాలకు రాష్ట్రాలు నామమాత్రపు రుసుము పెట్టాయి. తెలంగాణలో రూపాయికే నల్లా అన్నది అందుకే. మన ఊళ్లో డిపాజిట్ ఎంత, నెలకు ఎంత అన్నది ఉత్తర్వులో, కౌన్సిల్ తీర్మానంలో ఉంటుంది. వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీని ఆ కాగితం చూపించమనండి. రేషన్ కార్డు, ఆధార్, ఇంటి పన్ను అసెస్‌మెంట్ నంబరు తీసుకెళ్లండి. డబ్బు కడితే రసీదు తీసుకోండి, దాన్ని అక్కడే ఫోనులో ఫోటో తీసుకోండి.

మా వీధిలో ఒక పెద్దావిడ ఒకతనికి మూడున్నర వేలిచ్చి కుళాయి వేయించుకుంది. రసీదు అడగలేదు. ఏడాది తర్వాత తనిఖీకి వచ్చినవాళ్లు ఖాతాలో ఈ కుళాయి లేదు, ఇది అక్రమ కనెక్షన్ అన్నారు. ఆమె డబ్బు ఇవ్వని మనిషి కాదు. ఇచ్చింది ఖజానాకు చేరలేదు, అంతే తేడా. తర్వాత క్రమబద్ధం చేయించుకోడానికి మళ్లీ కట్టింది.

కుళాయికి నేరుగా మోటారు బిగించొద్దు. చట్టానికి భయపడి కాదు. మీ మోటారు పీల్చినప్పుడు పైపులో నీటి పీడనం పడిపోతుంది. అప్పుడు ఎక్కడ చిన్న పగులున్నా పక్కనున్న మురుగు లోపలికి వస్తుంది. ఆ మురుగు మొదట వచ్చేది మోటారు పెట్టిన ఇంటికే. నీళ్లలో క్లోరిన్ చివరి ఇంటి దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. అది చూసే చిన్న కిట్టు మున్సిపాలిటీ దగ్గర ఉంటుంది. వీధి చివరి ఇంట్లో పరీక్ష చెయ్యమని అడగండి. ట్యాంకు పక్కింట్లో చేసి వెళ్లిపోతుంటారు.

ఇందాక ఇద్దరు ముగ్గురు చీటీలు పంపారు. "అద్దె ఇంట్లో ఉంటున్నాం, మాకు కుళాయి ఇస్తారా?" అని ఒకరు. కుళాయి ఖాతా ఇంటి నంబరు మీద ఉంటుంది, మనిషి మీద కాదు. ఇంటి యజమాని ఒప్పుకోలు కాగితం తీసుకుని అర్జీ పెట్టండి. ఇల్లు మారేటప్పుడు బకాయి లేదని యజమాని దగ్గర రాయించుకోండి, ఆ గొడవలు నేను చాలా చూశాను.

"మాది పట్టా లేని జాగా" అని ఇంకొకరు. ఈ మిషన్ లక్ష్యంలో తక్కువ ఆదాయం వాళ్లుండే వాడలు కూడా ఉన్నాయి. పట్టా లేదనే ఒక్క మాట మీద అర్జీ తీసుకోకపోతే, తిరస్కరించిన కారణం రాసిమ్మని అడగండి. రాసివ్వకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లండి. నలుగురైదుగురు కలిసి వెళ్లండి, ఒక్కరే వెళ్లొద్దు.

మూడో చీటీలో, "రోడ్డు తవ్వి వదిలేశారు, మా అబ్బాయి బండి మీద నుంచి పడ్డాడు" అని ఉంది. అమ్మా, మీరు సమావేశం అయ్యాక ఉండండి. గొయ్యి ఫోటో, తేదీ, వార్డు నంబరు రాసుకుందాం. పని బోర్డు మీద కాంట్రాక్టు వివరాలు, గడువు ఉంటాయి. బోర్డు లేకపోతే అది కూడా ఫిర్యాదులో రాద్దాం. రేపు పదిన్నరకు సచివాలయం తీస్తారు, నేనూ వస్తాను.